మాస్కు పట్టే ముఖం

విషవాయువులోకి పోయి ముగ్గురిని బతికించి తెచ్చిన మనిషి సర్వీసు పుస్తకంలో ‘నియమాలను లెక్కచేయనివాడు’ అని రాశారు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ మాట అక్కడే ఉంది. రిటైరయ్యాక కూడా ఉంది. ఆరు నెలల కింద ఆయన చనిపోయాడు. ఇంకా ఉంది.

రాసిన ఆఫీసరుకు నిజం తెలుసు. ఆయన ఒంటరిగా ఎందుకు పోవలసి వచ్చిందో పక్కనే నిలబడి చూశాడు. చూసి కూడా అలా రాశాడు, సంతకం పెట్టాడు, మరుసటి ఏడాది ప్రమోషన్ మీద వెళ్లిపోయాడు.

నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ని. కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో ముప్పై ఐదేళ్లు కటింగ్ షాపు నడిపాను. గిరాకీల కోసం వేయించిన పేపర్లే నా చదువు. అయినా ‘నియమాలను లెక్కచేయనివాడు’ అంటే ఏమిటో నాకు తెలుసు. అలాంటివాళ్లను చాలామందిని చూశాను, వాళ్లలో కొందరికి గడ్డం కూడా గీశాను. ఈయన అలాంటివాడు కాదు. ఇరవై ఏళ్లు ఆ ముఖం నా చేతుల్లో ఉంది కనుక చెప్తున్నాను.

పేరు రాయను. రాయవద్దని ఆయన భార్య కోరింది. సందులో అందరం ‘ఫైర్ సారు’ అనేవాళ్లం. కృష్ణకు అవతలి మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటూ, మా వైపు ఫైర్ స్టేషన్‌లో పనిచేసేవాడు. మంటలార్పే పని అందరికీ తెలుసు. దానికి తోడు గ్యాసులు, యాసిడ్లు లీకైన చోటికి పోయే జట్టులో ఈయన ఉండేవాడు. ఆ సామాన్లు, అంటే ముఖానికి పెట్టుకునే మాస్కులు, వీపుకు కట్టుకునే గాలి సిలిండర్లు, ఒంటిని మొత్తం కప్పే సూట్లు, ఈయన చేతి కింద ఉండేవి.

పొద్దున ఆరున్నరకు వచ్చేవాడు. ఎండైనా, వానైనా ఆరున్నరే. కుర్చీలో కూర్చోగానే ఒకటే మాట.

“దవడ కింద చూసుకోండి గురువుగారూ.”

గీసిన తరువాత కళ్లు మూసుకుని బొటనవేలితో చెవి కింద మొదలుపెట్టి, గడ్డం అడుగు నుంచి రెండో చెవి దాకా తడిమేవాడు. కుండ కొనేవాళ్లు అంచు తడిమినట్టు. ఎక్కడో ఒకచోట వేలు ఆగేది.

“ఇక్కడ ఉంది.”

“నాకైతే కనపడ్తలేదు సార్.”

“మీకు కనపడక్కర్లేదండీ. గ్యాసుకి కనపడుద్ది.”

మళ్లీ గీసేవాణ్ని. మంగళవారం మా షాపులన్నీ బంద్. అది మా కులం కట్టుబాటు. ఈయన దానికి కూడా ఒప్పుకోలేదు. ఒక మంగళవారం సొంతంగా గీసుకుని బుధవారం వచ్చాడు. ముఖం మీద మూడు గాట్లు. “మంగళవారం గ్యాసు లీకవ్వదని రాసివ్వండి, మానేస్తాను” అన్నాడు. ఆ వారం నుంచి మంగళవారాలు కూడా వెనక తలుపు తీసి గీశాను. సంఘంవాళ్లకు తెలిసి నన్ను నిలదీశారు. గీస్తూనే ఉన్నాను.

ఒకసారి నాకు విసుగొచ్చి అడిగాను: “రోజుకు రెండుసార్లు గీకుతే తోలు ఊడొస్తది సార్. గింత పట్టింపు ఏంది?”

అగ్నిమాపక వారోత్సవాలకు స్టేషన్‌కు రమ్మన్నాడు. జనానికి సామాన్లు చూపించే రోజు అది. వెళ్లాను. అందరి ముందు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. నాకు నాలుగు రోజుల గడ్డం ఉంది, లోకానికి గీసేవాడికి తనది గీసుకునే తీరిక ఉండదు. రబ్బరు మాస్కు నా ముఖానికి బిగించి, గొట్టాన్ని అరచేత్తో మూసి, “పీల్చండి” అన్నాడు. పీల్చాను. దవడ పక్క నుంచి గాలి హాయిగా వచ్చింది.

“చూశారా. ఆ గాలిలో క్లోరిన్ ఉంటే మీ షాపు ఇవాళ్టితో కిరాయికి ఇచ్చుకోవచ్చు.”

జనం నవ్వారు. తరువాత అదే మాస్కు తను పెట్టుకుని పీల్చాడు. రబ్బరు ముఖానికి అతుక్కుపోయి, రెండు బుగ్గలూ లోపలికి లాక్కుపోయాయి. చూస్తున్నవాళ్లకే ఊపిరాడలేదు.

సూటు కూడా చూపించాడు. కాళ్లు, చేతులు, తల, వీపు మీది సిలిండరుతో సహా లోపలికి పోతాయి. జిప్పు వెనక వైపు. “ఇది ఒక్కడు వేసుకునేది కాదండీ. రెండో మనిషి జిప్పు వెయ్యాలి. ఇద్దరం లోపలికి పోవాలి, ఇద్దరం బయటికి రావాలి” అన్నాడు. గోడకు తగిలించి ఒక పలక ఉంది, పిలుపు వస్తే ఇంజనుతో పాటే పోతుంది. లోపలికి పోయే ప్రతి మనిషీ తన పేరు బిళ్ల దానికి తగిలించి పోవాలి. సిలిండరులో గాలి అడుగంటితే ఈల దానంతట అదే మోగుతుంది. మోగిందంటే ఎంత పని మిగిలినా వెనక్కి తిరగవలసిందే. ఈ నియమాలు ఆయన నాకు చెప్పినప్పుడు పూజారి మంత్రం చెప్పినట్టు చెప్పాడు, తేడా ఏమిటంటే అర్థం తెలిసి చెప్పాడు.

దసరాకు స్టేషన్‌లో ఆయుధపూజ చేస్తే మిగతావాళ్లు మాస్కులకు కూడా నూనె రాసి కుంకుమ పెట్టేవాళ్లట. ఈయన పూజ అయిందాకా చేతులు కట్టుకుని నిలబడి, అందరూ ప్రసాదం తింటుంటే సబ్బునీళ్లు తెచ్చుకుని ఒక్కొక్క మాస్కూ కడిగి నీడలో ఆరేసేవాడట. “దండం పెట్టండి, కాదన్లేదు. నూనె మాత్రం ఇంజనుకి రాసుకోండి” అనేవాడట. ఈ మనిషి నియమాలు లెక్కచేయనివాడు.

ఇక ఉద్యమం సంగతి. నేను దాచుకోను, నేను ఆ రోజుల్లో ఇంట్లో తక్కువ, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఎక్కువ. మా నల్లగొండ పిల్లలు చదువుకుని ఆటోలు తోలుతుంటే మా ఉద్యోగాల్లో అవతలివాళ్లు కూర్చున్నారని నా కడుపు మండేది. ఆ మంట న్యాయమైందని ఇప్పటికీ అంటాను. ఒక పొద్దున ఫైర్ సారు గొంతు మీద కత్తి ఉండగానే అనేశాను: “సార్, మీరు మంచోళ్లే. గని మీరు కూసున్న కుర్చి మా పిల్లగాండ్లది.”

ఆయన కదలలేదు. “కుర్చీ తరవాత తీసుకుందురు. ముందు ఆ రెండో బుగ్గ కానివ్వండి” అన్నాడు.

ఆ ఏడు మా దగ్గర ఒక మొక్కు నడిచింది. తెలంగాణ వచ్చేదాకా గడ్డం తీసేది లేదని మొగవాళ్లు మొక్కుకునేవాళ్లు. మా షాపు దానికి గుడిలా తయారైంది. మొక్కుకున్నవాడికి చివరిసారి నున్నగా గీసి, నుదుట గులాలు పెట్టి పంపేవాణ్ని. పైసలు తీసుకోలేదు. మంగలివాడే గడ్డాలు ఆపడమంటే ఎంత మాటో చూడండని మీటింగుల్లో నన్ను నిలబెట్టి చూపించేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది.

ఫైర్ సారు జట్టులోనే సూర్యాపేట వైపు అతను ఒకడు ఉండేవాడు. ముప్పై దాటినవాడు, పెళ్లాం పిల్లలున్నవాడు. ఫైర్ సారు లోపలికి పోతే జతగా పోయేది అతనే. అందుకని అతన్ని రెండో మనిషి అనే రాస్తాను. అతను కూడా గడ్డానికి నా దగ్గరికే వచ్చేవాడు. ఒక రోజు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. నేను రెండో మనిషిని అడిగాను.

“నువ్వెప్పుడు మొక్కుతవ్‌రా?”

“మనసుల ఉన్నది కాకా. గని మాస్కు పట్టదు.”

“మాస్కు ఏడాదికి ఒక్కసారి పెడ్తవు. తెలంగాణ జన్మకొక్కసారి ఒస్తది.”

షాపులో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఫైర్ సారు ముఖం నిండా సబ్బు నురగతో అద్దంలోనుంచి నన్ను చూశాడు.

“ఆ ఒక్కసారి ఏ రోజో కూడా చెప్పండి మరి, గురువుగారూ” అన్నాడు.

“సారుకు మన మొక్కులు ఎట్ల తెలుస్తయి” అని ఎవరో అన్నారు. నవ్వులు. రెండో మనిషి ఆ వారమే మొక్కుకున్నాడు. గులాలు నేనే పెట్టాను. ఈ పాపంలో నా భాగం ఉందని అప్పుడు తెలియదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. స్టేషన్‌లో ఆఫీసరు ఆ గడ్డం చూశాడు, ఏమీ అనలేదు. అంటే తెలంగాణ ద్రోహి అంటారని భయం. ఫైర్ సారు ఒక్కడే అన్నాడట, నాలుగుసార్లు. తరువాత ఆయన కూడా ఊరుకున్నాడు. అవతలి మనిషి నాలుగుసార్ల కంటే ఎక్కువ చెప్పే రోజులు కావవి.

గ్యాసు లీకైన ఆ మధ్యాహ్నం తెలంగాణ బంద్. మా సందులో షట్టర్లన్నీ దించాం. నా షాపుకు మూడు షట్టర్ల అవతల ఐసు కార్ఖానా. దాని యజమాని బయట తాళం వేసి, లోపల ముగ్గురు ఒడిశా కూలీలతో పని నడిపిస్తున్నాడు. మిషను ఆపితే ఐసు కరుగుతుంది కదా, మనుషులైతే కరగరు. లోపల అమ్మోనియా గొట్టం పగిలింది. తెల్లటి పొగ షట్టరు కింద నుంచి సందులోకి వచ్చింది. కళ్లలో కారం కొట్టినట్టయింది.

మేం చౌరస్తా నుంచి అప్పుడే తిరిగివచ్చాం, రెండు వందల మంది. పొగ చూసి పోలీసులు గ్యాసు కొట్టారనుకున్నాం. అదే మా తప్పు. బాష్పవాయువుకు అలవాటుపడ్డ జనం. జేబురుమాళ్లు తడిపి మూతికి కట్టుకుని, పరుగెత్తకుండా అక్కడే నిలబడి నినాదాలు ఇచ్చాం. లోపల మనుషులు తలుపు బాదుతున్న చప్పుడు మా నినాదాల్లో వినపడలేదు.

ఫైరింజన్ వచ్చింది. నలుగురు దిగారు. డ్రైవరు, ఆఫీసరు, ఫైర్ సారు, రెండో మనిషి. ఫైర్ సారు చేతులూపుతూ అరిచాడు: “ఇది పోలీసు గ్యాసు కాదండీ, అమ్మోనియా. వెనక్కి వెళ్లండి, వెళ్లిపోండి.”

జనంలోంచి ఒకడు, “మాట సూడు, ఆంధ్రోడు. మనల్ని చెదరగొట్టనీకే” అన్నాడు. ఒక్కడూ కదలలేదు. అప్పుడు రెండో మనిషి ఇంజను మీదికెక్కి తన గడ్డం పట్టుకుని చూపించాడు. “అరె, నేను చెప్తున్న. నేను మీ తమ్మున్ని. జరుగున్రి, సస్తరు.” జనం జరిగింది. కాబట్టి ఆ గడ్డం ఒట్టి దండగ అని కూడా నేను అనలేను.

తాళం పగలగొట్టారు. కూలీలు భయంతో పై గదికి ఎక్కి కూర్చున్నారు. అమ్మోనియా పైకే లేస్తుందని వాళ్లకు ఎవరు చెప్పారు కనుక. ఫైర్ సారు తన మాస్కు పెట్టుకుని చూసుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. రెండో మనిషికి మాస్కు బిగించి, గొట్టం మూసి, “పీల్చరా” అన్నాడు. గడ్డం మీద రబ్బరు నిలవలేదు. పక్క నుంచి గాలి వచ్చింది. పట్టీలు ఇంకా గుంజాడు. మళ్లీ వచ్చింది.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఫైర్ సారు మాస్కు పైకి లేపి ఒక్క క్షణం జనం వైపు చూశాడు. తరువాత తిరిగి, రెండో మనిషి ముఖం మీది మాస్కు ఊడదీశాడు.

“సార్, నేనొస్త. ఏంగాదు.”

“రెండు నిమిషాల్లో పడిపోతావు. అప్పుడు నిన్ను కూడా నేనే మొయ్యాలి. జిప్పు వెయ్యి. తాడు పట్టుకో.”

జిప్పు రెండో మనిషే వేశాడు. ఏడుస్తూ వేశాడు. ఆఫీసరు పలక పట్టుకుని నిలబడ్డాడు, పలక మీద ఒక్కటే బిళ్ల. ఇంకో స్టేషన్ నుంచి మనుషులు రావాలంటే రోడ్లన్నీ మేమే ఆపి ఉన్నాం.

మొదటి కూలీని భుజాన వేసుకుని తెచ్చాడు. సిలిండరు మార్చుకుని రెండోవాణ్ని తెచ్చాడు. మూడోవాడు లావుపాటి మనిషి. ఇద్దరు మోసే బరువు. ఈల మోగడం సందులో మా అందరికీ వినపడింది. ఈల మోగితే వెనక్కి తిరగాలి. ఆయన తిరిగాడు, కాని వాణ్ని వదిలి తిరగలేదు. మెట్లు ఒక్కొక్కటీ ఈడ్చుకుంటూ దిగాడు. ఈల ఆగిపోయింది. అప్పటికి ఇంకా కొన్ని మెట్లున్నాయి. గాలి లేని మాస్కులో మనిషి ఏం చేస్తాడు, పీకేస్తాడు. సూటు లోపలే పీకేశాడు. సూటు లోపల మిగిలిన గాలి ఎంతని. గడప దగ్గర చేతి తొడుగు చిరిగి పొగ లోపలికి వచ్చింది. రెండో మనిషి తాడు లాగి బయటికి తెచ్చేసరికి ఆయన నోటి వెంట నురగ.

ముగ్గురు కూలీలూ బతికారు. ఆయన నలభై రోజులు దవాఖానాలో ఉన్నాడు. ఆ తరువాత చచ్చేదాకా దగ్గాడు.

విచారణ జరిగింది. ఒంటరిగా ఎందుకు పోయావని అడిగారు. ‘వేరే దారి లేక’ అని రాసిచ్చాడు. అంతే. గడ్డం సంగతి రాస్తే రెండో మనిషి ఉద్యోగం పోతుంది. ప్రభుత్వ నౌకరు, డ్యూటీలో ఉద్యమం మొక్కు. ఆఫీసరు కూడా ఆ సంగతి రాయలేదు, ఎందుకంటే గడ్డంతో డ్యూటీకి ఎలా పంపావని ముందు తన్నే అడుగుతారు. కాబట్టి నియమాలను లెక్కచేయనివాడు ఒక్కడే మిగిలాడు.

“ఎందుకు చెప్పలేదు సార్?” అని గీస్తూ అడిగాను.

“చెబితే ఏమవుద్ది? వాడు ఇంటికి పోతాడు. ఆ చోటులో ఇంకో గడ్డంవాడు వస్తాడు. వీడికైతే పని నేర్పాను.”

రాష్ట్రం ప్రకటించిన మర్నాడు నా షాపు ముందు డప్పులు. మొక్కు గడ్డాలు బారులు తీరాయి. ఫైర్ సారు ఆరున్నరకే వచ్చి, వాళ్ల వెనక నిలబడ్డాడు. ముందుకు రమ్మన్నా రాలేదు. “ఇవాళ మీ రోజు, కానివ్వండి” అని, దగ్గుకుంటూ మూడు గంటలు కూర్చున్నాడు. నేను రెండో మనిషికి గీయడం పూర్తి చేయగానే లేచి దగ్గరికి వచ్చాడు. బొటనవేలితో అతని దవడ ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా తడిమాడు. ఎక్కడా ఆగలేదు.

“ఇప్పుడు పట్టుద్ది మాస్కు” అన్నాడు.

రెండో మనిషి తల దించుకున్నాడు. చుట్టూ డప్పులు మోగుతూనే ఉన్నాయి.

ఆయన దినాల నాడు ఆయన భార్య సర్వీసు పుస్తకం జిరాక్సు నా చేతికిచ్చింది. “అన్నయ్యగారూ, ఆయన ఎప్పుడూ అనలేదు గానీ ఈ కాగితం తీసి చదువుకునేవారు. నాకు ఇంకేం వద్దు. ఈ ఒక్క మాట కొట్టేయించండి” అంది.

ఆమె సంతకంతో అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోయాను. గుమాస్తా చదివి, “నువ్వేమైతవు ఆయనకు?” అన్నాడు.

“గడ్డం గీసేటోన్ని.”

“గడ్డం గీసేటోడు అర్జీలు రాస్తడా?”

“ఆఫీసర్లు అబద్ధాలు రాస్తే మేం అర్జీలు రాస్తం.”

నాలుగుసార్లు తిప్పాడు. ఐదోసారి మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఆ రోజు రెండో మనిషిగా ఉన్నవాడు ఎందుకు లోపలికి పోలేదో తన చేత్తో రాసివ్వాలి. చూసినవాడు ఒకడు సాక్షి సంతకం పెట్టాలి. అప్పుడు ఆ మాట కొట్టేయడానికి వీలవుతుంది.

రెండో మనిషి ఇప్పుడు వేరే జిల్లాలో పెద్ద హోదాలో ఉన్నాడు. అతనికి ఉత్తరం రాశాను. సాక్షి కోసం ఎవరినో వెతకనక్కర్లేదు కనుక నా సాక్ష్యం కూడా నాలుగు పేజీలు రాసి జత చేశాను. ఆఫీసరును కడిగేశాను. ఐసు కార్ఖానా యజమానిని కడిగేశాను. రెండో మనిషిని కూడా వదల్లేదు, నీ ఉద్యోగం ఆయన ఊపిరితో కొన్నదిరా అని రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. పిరికివాడా అని రాశాను. మూడో ఉత్తరానికి జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను. ఒక్క మాట తీయలేదు.

“కాకా, దండాలు. నువ్వు తిట్టిన తిట్లన్ని నాకు తగుతయి. గడ్డం ఉండబట్టి నేను పోలేదని, సార్ నన్ను కాపాడనీకే నోరు మూసుకున్నడని నా చేతితోని రాసి సంతకం పెట్టిన. కాగితం దీంతోనే పంపుతున్న. నౌకరికి ఏమైతదో కానియ్. నీ నాలుగు పేజీలు రెండుసార్లు చదివిన. అండ్ల ఒక్క ముక్క లేదు. నా మాస్కు పట్టకపోయేసరికి సార్ నీ దిక్కు చూసి ‘కత్తి ఉందాండీ, రెండు నిమిషాల పని’ అని అడిగిండు. నీ షాపు మూడు షట్టర్ల అవతలనే ఉండె. తాళంచెవి నీ మొలకు ఉండె. నువ్వు చుట్టూ ఉన్న జనాన్ని చూసి, ‘ఇయ్యాల బంద్ గద సార్’ అన్నవు. సాక్షి అని రాసిన కాడ నీకు జాగ విడిచిన. గా ముక్క రాసి సంతకం పెట్టు.”